తొలివానకు కూర్చునే సైదా

జాన్ సైదా ఎవరింటికి పనికి వెళ్ళినా ముందు నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. కొత్తవాళ్ళయితే కంగారుపడిపోతారు. పెంకులు సర్దమని కబురు పెడితే వచ్చిన మనిషి నిచ్చెన అడగడు, మంచినీళ్ళడగడు, భుజం మీది తువ్వాలు తీసి నడిమింట్లో పరిచి బారుగా పడుకుంటాడు. వడదెబ్బ కొట్టిందేమోనని ఒకావిడ గబగబా నిమ్మరసం కూడా కలుపుకొచ్చింది. ఆయన లేచి కూర్చుని ఆ నిమ్మరసం తాగేసి, గ్లాసు పక్కన పెట్టి, మళ్ళీ పడుకున్నాడు.

తలుపులు మూసి చీకటి చేసుకుని కింద నుంచి చూస్తే, పెంకుల సందుల్లో వెలుతురు ఎక్కడెక్కడ దూరుతోందో కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, వెలుతురు దూరిన ప్రతిచోటా నీళ్ళు దూరవు. నీళ్ళు దూరిన ప్రతిచోటా వెలుతురు కనిపించదు. ఎందుకలా అని ఆలోచిస్తూనే సైదాకు యాభై ఏడేళ్ళు వచ్చాయి. "లోకమంతా నిలబడి పనిచేస్తుంటే మా ఆయన పడుకుని చేస్తాడు" అని ఆయన భార్య నాగూర్‌బీ తెనాలిలో వాళ్ళ వీధి చివరిదాకా వినబడేలా చెబుతుంటుంది.

సైదా తండ్రి మస్తాన్ కూడా పెంకుల మేస్త్రీయే. కొడుక్కి పద్దెనిమిదేళ్ళప్పుడు పోయాడు. ఉన్నన్నాళ్ళూ నోటితో నేర్పింది తక్కువ. "పని చెప్పకూడదురా, చేసి చూపించాలి" అనేవాడు. మేస్త్రీ చూరు మీద నుంచి వివరాలు చెప్పడం మొదలుపెడితే కింద నిలబడ్డవాళ్ళంతా మేస్త్రీలైపోతారని ఆయన భయం. సైదా ఆ మాటను తాయెత్తులా మెడలో కట్టుకున్నాడు. ఏ పెంకు ఎందుకు పెట్టాడో, ఏ సందు ఎందుకు వదిలాడో అడిగితే "ఉండనీ" అంటాడు. ఎక్కువ అడిగితే బీడీ వెలిగిస్తాడు.

తండ్రి నుంచి వచ్చిన అలవాటు ఇంకొకటి ఉంది. కొత్తగా పెంకు నేసిన ఇంటి మీద తొలివాన పడే రోజున, ఎవరూ పిలవకుండానే మేస్త్రీ ఆ ఇంటికి వెళ్ళి, వాన వెలిసేదాకా లోపల కూర్చోవాలి. మస్తాన్ కొల్లిపర మీద మబ్బు పడితే కొల్లిపరకు, కారంచేడు వైపు ఉరిమితే కారంచేడుకు, దొరికిన బస్సెక్కి పోయేవాడు. ఎప్పుడూ ఒక్కడే వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి నిలువునా తడిసి, చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉండేది. గుమ్మంలో నిలబడి చొక్కా పిండుకుంటూ "అయిపోయింది" అనేవాడు, అంతే. దారిలో తడిశాడని ఇంట్లోవాళ్ళు అనుకునేవారు. నాన్న నేసిన ఇల్లు తొలివానకు చుక్క రాల్చదని, ఆ సంగతి ఊరికి చూపించడానికే వెళ్ళి కూర్చుంటాడని సైదా చిన్నప్పుడే తేల్చుకున్నాడు. తను మేస్త్రీ అయ్యాక అదే పట్టుదలతో కూర్చుంటూ వచ్చాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళలో తను కూర్చున్న ఏ ఇంట్లోనూ ఒక్క చుక్క పడలేదని ఆయన చెబుతాడు. బిందెలతో నీళ్ళు పోయించి ముందే చూసుకునే మనిషి కాబట్టి నమ్మవచ్చు.

కానీ కూర్చోవడానికి ఇళ్ళేవి? ఊళ్ళన్నీ స్లాబులైపోయాయి. ఒకప్పుడు ఆరుగురు కూలీలను వెంటేసుకుని తిరిగిన సైదాకు ఈ మధ్య పశువుల పాకలు, పాత ఇళ్ళలో పగిలిన నాలుగు పెంకులు మార్చడం మాత్రమే మిగిలాయి. ఒక హోటలువాళ్ళు అందం కోసం గేటు మీద పెంకులు వేయించుకున్నారు. దాని కింద పడుకుని చూడటానికి ఏమీ లేదని ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

అలాంటి రోజుల్లో, పోయిన వేసవిలో, కిరీటి వచ్చాడు. తెనాలి బస్టాండు దగ్గర సోలార్ ప్యానెళ్ళు బిగించే దుకాణం అతనిది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇంజనీరింగ్ చదివినా తెలియనిది తెలియదని ఒప్పుకునే గుణం ఇంకా పోలేదు.

"బాబాయ్, మీరు పెంకుల పని చేస్తారటగా?"

"పెంకులుంటే చేస్తాను."

"రేపల్లెలో ఒక పెంకుటింటి మీద ప్యానెళ్ళు పెట్టామండి. పెంకుకి డ్రిల్లుతో బెజ్జం వేసి, కింద వాసానికి బోల్టు దించి, చుట్టూ సిలికాన్ కొట్టాం. కురుస్తోంది. మళ్ళీ కొట్టాం. ఈసారి ఇంకోచోట కురుస్తోంది. నాలుగుసార్లు కొట్టాం బాబాయ్. ఎక్కడ కొడితే అక్కడ ఆగి, పక్క నుంచి వస్తోంది."

పెంకుకు బెజ్జం వేశారన్న మాట వినగానే సైదాకు పంటి కింద రాయి పడినట్టయింది. నాలుగు తిట్టాలనుకున్నాడు. కానీ పక్క నుంచి వస్తోందన్న మాట ఆయన్ని పట్టేసింది. పక్క నుంచి ఎందుకొస్తుంది? తిట్టడం మర్చిపోయి చెప్పులు వేసుకున్నాడు.

రేపల్లెలో ఆ ఇల్లు గంగాధరరావు గారనే రిటైరైన హైస్కూలు మాస్టారిది. వాన లేదు కాబట్టి కిరీటిని పైకెక్కించి నీళ్ళు పోయమని, సైదా యథాప్రకారం కింద తువ్వాలు పరిచాడు. గంటన్నర పడుకున్నాడు. మధ్యలో రెండుసార్లు జరిగి పడుకున్నాడు. మాస్టారికి ఓపిక నశించింది.

"ఏమయ్యా కిరీటీ, ఈయన చూడటానికి వచ్చాడా, పడుకోవడానికి వచ్చాడా?"

"మాస్టారూ, కొంచెం ఇలా వచ్చి పడుకుంటారా?" అన్నాడు సైదా కింద నుంచి.

ఏమనుకున్నారో ఏమో, పెద్దాయన పంచె సర్దుకుని నిజంగానే పక్కన పడుకున్నారు. బోల్టు దిగిన చోట పొడిగానే ఉంది. అక్కడ దూరిన నీళ్ళు వాసం అడుగు పట్టుకుని, చీమల బారులా మెల్లగా ఆరడుగులు జారి, ఒక ముడి దగ్గర ఆగి, అప్పుడు రాలుతున్నాయి. కిరీటి ఇన్నాళ్ళూ చుక్క రాలిన చోటికి సరిగ్గా పైన సిలికాన్ కొడుతూ వచ్చాడు. నీళ్ళు లోపలికి వచ్చేది ఒకచోట, కిందికి దిగేది ఇంకోచోట. "అరె, నడుస్తోందే!" అన్నారు మాస్టారు. ఆ తరువాత ఇద్దరూ ఇంకో అరగంట లేవలేదు.

చూడటం వరకూ బాగానే ఉంది, మందేమిటన్నది ఇంకా తేలలేదు. బెజ్జం వేసిన పెంకు ఎండకు ఉబ్బుతుంది, సిలికాన్ ఊడుతుంది. బెజ్జం లేకుండా ఇనుము పెంకు దాటి బయటికి రావాలి. ఎలా? సైదా తెనాలిలో తన పెరట్లో నాలుగు వెదురు గడలు పాతి, వాటి మీద ఇరవై పెంకులతో బొమ్మరిల్లంత కప్పు కట్టాడు. స్నానాల గదిలో మగ్గు మాయమైంది. బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు, అన్నీ ఆ కప్పు మీదికే పోయాయి.

"వంట చేసుకోవడానికైనా రెండు బిందెలు వదులుతావా, అవీ ఆ కప్పుకేనా?" అంది నాగూర్‌బీ.

"ఇనప పట్టీ బయటికి రావాలి, నీళ్ళు లోపలికి రాకూడదు. ఎలాగే?"

"నన్నడుగుతావేంటి? నా దండెం తీగె పెట్టినప్పుడు మాత్రం ఇంతెత్తున లేచావు."

సైదా తల తిప్పి చూశాడు. వాళ్ళ వంటింటి చూరు పెంకుల్లోంచి ఒక తీగె వంకీ తిరిగి కిందికి వేలాడుతోంది. బట్టలారేసే తాడు కట్టడానికి ఇరవై ఏళ్ళ కిందట నాగూర్‌బీ స్వయంగా పెట్టుకున్నది. పై పెంకు అంచు కింది పెంకు మీద నాలుగు వేళ్ళ మేర ఎక్కి కూర్చునే చోట, ఆ రెండింటి మధ్య నుంచి తీగెను దూర్చి లాగింది. మేస్త్రీ ఇంట్లో పెంకుల మీద చెయ్యి వేస్తావా అని ఆ రోజు సైదా అన్నం మానేశాడు కూడా. ఇరవై ఏళ్ళలో ఆ వంటిల్లు కురవలేదు.

ఆయన లేచి వెళ్ళి ఆ తీగె కింద నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. "ఏంటి, ఇప్పుడు పీకేస్తావా?" అని నాగూర్‌బీ చీపురు పట్టుకుని దగ్గరికొచ్చింది. సైదాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

ఆ తీగె నుంచే కొక్కెం పుట్టింది. వాసానికి మరలతో బిగించిన ఇనప పట్టీ, రెండు పెంకుల మధ్య సందులోంచి వంపు తిరిగి బయటికొస్తుంది. దాని మీద ప్యానెల్ కమ్మీ కూర్చుంటుంది. పెంకుకు బెజ్జం లేదు. పట్టీ మందానికి పై పెంకు లేవకుండా దాని అడుగున కాస్త అరగదీశాడు. అయినా గాలికి లోపలికి ఎగిరే నీళ్ళ సంగతి చూడాలిగా. అందుకు పట్టీ కింద ఒక అల్యూమినియం రేకు పరిచాడు. మూడు వైపులా అంచులు పైకి మడిచి, నాలుగో వైపు, అంటే కింది వైపు, తెరిచి వదిలాడు. దారితప్పి లోపలికొచ్చిన నీళ్ళు ఆ రేకు మీద పడి, తెరిచి ఉన్న నోట్లోంచి కింది పెంకు మీదికి జారిపోతాయి. పెరట్లో పదిరోజులు నీళ్ళు పోసి చూశాడు, రేపల్లెలో మాస్టారింటికి అవే పెట్టి చూశాడు. పొడిగా ఉంది. తొలివానకు వెళ్ళి మాస్టారి పక్కనే పడుకుని మరీ చూసొచ్చాడు.

సెప్టెంబరు ఆఖరున కిరీటి ఇంకో ఇల్లు తెచ్చాడు. బాపట్ల నుంచి సూర్యలంక పోయే దారిలో ఒక పల్లె. దుర్గ అనే ఆమెది చేపల వ్యాపారం. తెల్లారగట్ల పడవల దగ్గర కొన్న సరుకు, మధ్యాహ్నానికి ఐసు కరిగి మెత్తబడుతుంది. ఇక అడిగినవాళ్ళకు అడిగిన ధరకు ఇచ్చెయ్యడమే. ఆమెకు డీప్ ఫ్రీజరు కావాలి. వాళ్ళది కరెంటు లైను చివరి ఇల్లు, వోల్టేజీ అందదు. సోలార్ పెట్టుకుంటే తప్ప ఫ్రీజరు తిరగదు. ఆమె పదేళ్ళుగా అనుకుంటున్న పని ఇది.

అడ్డమల్లా అత్తగారు నాగమ్మ. ఇల్లు ఆమెది. ఉప్పెన వచ్చిన ఏడాది ఆమె పెళ్ళికూతురు. తాటాకు గుడిసె కప్పు లేచిపోతే రెండు రాత్రులు నెత్తి మీద చేట బోర్లించుకుని కూర్చున్న మనిషి. ఆ తరువాత మూడేళ్ళకు మొగుడూ పెళ్ళాం పెంకులు బండి దగ్గర నుంచి నెత్తిన మోసుకుని ఈ ఇల్లు కట్టుకున్నారు. వాన చప్పుడు వినబడితే ఆమె ఇప్పటికీ నిద్రలో లేచి చేతులతో నేల తడుముకుంటుంది.

"అద్దాలు పెట్టుకోండి. కానీ తొలివానకు నా ఇంట్లో చుక్క పడిందంటే అద్దాలు దించేస్తారు, ఆ పెట్టె వెనక్కి పోతుంది. అప్పటిదాకా దానికి కరెంటు పెట్టడానికి లేదు" అంది నాగమ్మ. ఫ్రీజరు అప్పటికే వచ్చి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా మూలన కూర్చుని ఉంది. దుర్గ అటు చూడకుండా ఉండటానికి నానా అవస్థ పడుతోంది.

సైదా తువ్వాలు పరిచి పడుకోగానే నాగమ్మ ఆయన పక్కకొచ్చి వంగి చూసింది.

"ఏ ఊరు తమ్ముడూ మీది?"

"తెనాలండి అక్కా."

"మీ నాన్న పేరేంటి?"

"మస్తాన్ అండి. ఆయనా పెంకుల మేస్త్రీయే."

నాగమ్మ "ఊఁ" అంది. వెళ్ళి బియ్యం ఏరుకుంది. సైదాకు ఆ ఊఁ కొట్టడం కొంచెం వింతగా తోచింది కానీ, పైన ఒక వాసం ఇంకా వింతగా తోచి అటు ధ్యాస మళ్ళింది.

పని నాలుగు రోజులు పట్టింది. దుర్గ భర్త బ్రహ్మాజీ వేటకు పోని పూటల్లా నిచ్చెన దగ్గరే తిరిగాడు. పడవ మనిషి, చేతికి పనిలేకపోతే ఉండలేడు. దుర్గ సైదాను బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టేసరికి ఇతను మావా అనడం మొదలుపెట్టాడు.

"మావా, ఈ రేకు కింద సందుంది."

"ఉండనీ అల్లుడూ."

"వేలు దూరుతోంది మావా. నీళ్ళు రావా?"

"రానీ."

"అదేంటి మావా, రానీ అంటావు?"

సైదా బీడీ వెలిగించాడు. బ్రహ్మాజీ తల గోక్కుంటూ ఆ సందు వంక చూస్తూ ఉండిపోయాడు. చివరి రోజున ఇరవై బిందెలు పోయించి, కింద పడుకుని, ఒక్క తడి మచ్చయినా లేదని చూసుకున్నాక సైదా తెనాలి బస్సెక్కాడు.

అప్పటిదాకా చినుకు రాలలేదు, అక్టోబరు రెండో వారంలో వాయుగుండం పట్టింది. వేటకు పోవద్దని తీరంలో మైకులో చెప్పారు. పొద్దున్నే టిఫిన్ కూడా సరిగ్గా తినకుండా సైదా బయలుదేరాడు. "కూర్చుని రావడానికి అంత తొందరేంటి?" అని నాగూర్‌బీ గొడుగు చేతిలో పెట్టింది. ఆయన చినుకు పడకముందే పల్లె చేరి, నాగమ్మ ఇంట్లో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నాగమ్మ ఎదురుగా పీట వేసుకుంది. దుర్గ ఫ్రీజరు దగ్గర నిలబడింది. బ్రహ్మాజీ గుమ్మంలో నిలబడి మబ్బు వంక చూస్తున్నాడు. అతని ముఖంలో ఎందుకో ధీమా కనిపిస్తోంది.

పదకొండింటికి వాన అందుకుంది. పెంకుల మీద మొదట గింజలు పోసినట్టు, ఆ తరువాత ఏకధారగా. అరగంట గడిచింది. నేల పొడిగా ఉంది. దుర్గ ఫ్రీజరు కవరు అంచును గోటితో గీకుతోంది. మరో పావుగంట గడిచాక గాలి తిరిగింది. అంతవరకూ నిట్టనిలువుగా పడుతున్న వాన సముద్రం వైపు నుంచి ఏటవాలుగా, కప్పు కింది నుంచి పైకి కొట్టడం మొదలుపెట్టింది. వాన కింది నుంచి పైకి కొట్టగలదని తెనాలి మనిషి సైదా వినడమే కానీ ఇంత దగ్గరగా చూడలేదు. అయినా రేకులున్నాయిగా, నోళ్ళు తెరిచే ఉన్నాయిగా అనుకున్నాడు.

అప్పుడు ఆయన మోకాలి మీద చల్లగా ఏదో తగిలింది.

చూశాడు. చుక్క. ఎవరూ గమనించలేదు. ఇంకో చుక్క రాలబోతుంటే, తనకే తెలియకుండా చెయ్యి చాపి అరచేతిలో పట్టాడు. గుప్పిట మూశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇంకో గంటలో వాన వెలుస్తుంది. అరచేయి ఇలాగే చాపి కూర్చుంటే నేల మీద పడదు. దుర్గకు ఫ్రీజరు ఉంటుంది, తనకు పేరుంటుంది, ఆనక ఎప్పుడో వచ్చి సరిచేసుకోవచ్చు. ఇన్ని ఆలోచనలూ మూడో చుక్క రాలేలోపే వచ్చాయి. ఎదురుగా నాగమ్మ కుడిచెయ్యి పీట పక్కన నేలను తడుముతోంది. ఆమె ఆ పని చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. సైదాకు తన గుప్పిట చూస్తే అసహ్యం వేసింది.

గుప్పిట తెరిచి చూపించాడు.

"కురిసింది అక్కా."

దుర్గ ముఖం పాలిపోయింది. ఆమె ఏడవలేదు, వెళ్ళి ఫ్రీజరు మీద చెయ్యి వేసి నిలబడింది. గట్టిగా అరిచింది బ్రహ్మాజీ.

"కురవడానికి వీల్లేదు! అన్నీ నేనే మూసేశానుగా!"

"ఏం మూశావు?"

"రేకుల కింద సందులు మావా. నువ్వెళ్ళిన మర్నాడే, చెయ్యి అందిన కింది వరసంతా నూలు కూరి, తారు పూశాను. పడవకి పూసినట్టే పూశాను. సముద్రంలోనే చుక్క రాదు, ఇంటికెలా వస్తుంది?"

సైదాకు ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ముందు అర్థమైపోయింది. గాలి ఎగదోసిన నీళ్ళు రేకు మీదికి వచ్చాయి. పోవడానికి నోరు లేదు. తొట్టెలా నిండి, మడిచిన అంచు దాటి లోపలికి పొర్లాయి. ఆయన నిచ్చెన కోసం బయటికి ఉరికాడు. గొడుగు స్తంభం దగ్గరే ఉండిపోయింది. వెనకే బ్రహ్మాజీ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. నాలుగు మెట్లెక్కితే కింది వరస చేతికందుతుంది. సైదా బొడ్లోంచి చిన్న ఉలి తీసి మొదటి తారు ముద్దను పెకలించాడు. గుడగుడమని నీళ్ళు బయటికి దూకి ఆయన ముఖాన పడ్డాయి.

"పైకి రా అల్లుడూ! చూడు!"

బ్రహ్మాజీ పక్కనుంచి ఎక్కి ఆ సందు దగ్గర చెయ్యి పెట్టాడు. నీళ్ళు అతని వేళ్ళ మధ్య నుంచి జారి కింది పెంకు మీద పడి, చూరు వైపు పోతున్నాయి. పడవ మనిషి నోరు తెరిచి చూశాడు.

"పడవ చుట్టూ నీళ్ళు ఎప్పుడూ నిలబడే ఉంటాయి. సందు మూసెయ్యాలి, నువ్వు చేసేది నిజమే. ఇంటి మీదికొచ్చే నీళ్ళు నిలబడవు, పోతుంటాయి. వాటికి దారి ఉండాలి. ఇది ఆ దారి. దీన్ని మూస్తే లోపల దారి వెతుక్కుంటాయి" అని వానలో అరుస్తూ చెప్పాడు సైదా. పని గురించి అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఈ మాట ఆ రోజే చెప్పొచ్చుగా మావా? మూడుసార్లు అడిగాను."

అడిగాడు, నిజమే. మూడుసార్లూ తను ఉండనీ, రానీ అని తప్పించుకున్నాడు. ఇప్పుడు తిట్టాలంటే ఎవర్ని తిట్టాలి? రెండో ఉలి లేదు కాబట్టి బ్రహ్మాజీ చేపలు కోసే కత్తి తెచ్చుకున్నాడు. ఇద్దరూ కలిసి ఐదు తారు ముద్దలూ పీకారు. ఒక్కొక్కటి పీకినప్పుడల్లా బ్రహ్మాజీ నీళ్ళు ఎటు పోతున్నాయో వేలు పెట్టి చూస్తున్నాడు. అతనికీ ఆ పిచ్చి అంటుకుంది.

లోపలికి వచ్చేసరికి సైదా నిలువునా తడిసి ఉన్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గుమ్మం దాటడానికి మనసొప్పక అక్కడే నిలబడ్డాడు.

"ఇక కురవదు అక్కా. కానీ కురిసిన మాట కురిసినట్టే. మీ మాట మీది. నా ముప్ఫై తొమ్మిదేళ్ళ పనిలో తొలివానకు చుక్క పడటం ఇదే మొదలు. మా నాన్నయితే ఇలా తలవంచుకుని ఎవరి గుమ్మంలోనూ నిలబడలేదు."

నాగమ్మ తువ్వాలు తెచ్చి అందించింది.

"నిలబడ్డాడు" అంది.

"ఎవరండి?"

"మీ నాన్న. ఇదే గుమ్మం. ఈ ఇల్లు నేసింది మస్తాన్ మేస్త్రీయే. తొలివానకు వచ్చి, ఇదిగో నువ్వు కూర్చున్న స్తంభం దగ్గరే కూర్చున్నాడు. మూడు చోట్ల కురిసింది. మా మామ కేకలేశాడు. మీ నాన్న ఒక్క మాట మాట్లాడకుండా పైకెక్కాడు. నాలుగుసార్లు ఎక్కాడు, నాలుగుసార్లు దిగాడు. ఎక్కినప్పుడల్లా నేను కింద నిలబడి ఇంకా పడుతోంది అన్నా అని కేకేసేదాన్ని. చీకటి పడేవేళకు ఆగింది. పిండుకోమని తువ్వాలిచ్చాను. నలభై ఏళ్ళ పైమాటేనా? ఆ తరువాత చుక్క పడలేదు."

సైదా తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. తడిసిన చొక్కా, గుమ్మంలో పిండుకోవడం, అయిపోయింది అనే ఆ ఒక్క మాట. దారిలో తడిసి కాదు. ఇళ్ళ మీద తడిసి. నాన్న వెళ్ళి కూర్చున్నది చుక్క పడదని చూపించడానికి అనుకున్నాడు ఇన్నేళ్ళూ. పడితే అక్కడ తనుండాలని వెళ్ళేవాడు. ఒక్కసారైనా చెప్పి ఉంటే బాగుండునని తండ్రి మీద కోపం వచ్చింది. ముఖం తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"అలా నిలబడ్డావేంటి తమ్ముడూ, వాన వెలవలేదుగా. వచ్చి కూర్చో" అంది నాగమ్మ. "నేను దించేస్తానన్నది అద్దాలు పెట్టేసి మళ్ళీ మొహం చూపించనివాళ్ళ సంగతి."

సైదా వెళ్ళి స్తంభం దగ్గర కూర్చున్నాడు. నాగమ్మ ఆయన ముందు ఒక స్టీలు పళ్ళెం పెట్టింది. చుక్క పడితే టంగుమంటుంది. నలుగురూ ఆ పళ్ళెం వంకే చూస్తూ కూర్చున్నారు. గాలి ఇంకా రెండు సార్లు గట్టిగా విసిరింది, బ్రహ్మాజీ రెండుసార్లూ లేచాడు. పళ్ళెం మోగలేదు. మధ్యాహ్నం మూడు దాటాక వాన వెలిసింది. నాగమ్మ చెయ్యి నేల మీద లేదు, ఒళ్ళో ఉంది.

"ప్లగ్గు పెట్టుకోవే" అంది కోడలితో. ఫ్రీజరు గుర్రుమని అందుకుంది. దుర్గ దాని మూత తెరిచి, ఖాళీ పెట్టెలో తల పెట్టి, అందులోనే ఏడ్చింది.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకు సైదా తెనాలి చేరాడు. గొడుగు నాగమ్మ ఇంట్లో స్తంభం దగ్గరే మర్చిపోయాడు. గుమ్మంలో నిలబడి చొక్కా పిండుకుంటుంటే నాగూర్‌బీ వచ్చింది.

"గొడుగిచ్చినా తడిశావు. దారిలో వానా?"

"కాదు. ఇల్లు కురిసింది."

నాగూర్‌బీ తెల్లబోయి ఆయన ముఖంలోకి చూసింది. ఆ మాట ఆ నోటి నుంచి ఆమె ఎన్నడూ వినలేదు. పైగా మనిషి నవ్వుతున్నాడు, కళ్ళేమో ఎర్రగా ఉన్నాయి. పొడి లుంగీ తెచ్చి ఇచ్చి, టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, ఎదురుగా చతికిలబడింది.

"అయితే కూర్చుని చెప్పు, ఏం జరిగిందో."

సైదా బీడీ వెలిగించబోయి ఆగాడు. బీడీ పక్కన పెట్టి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.